పైవాళ్ళు

కిటికీ లేని వైపు నా కుర్చీ.
బయట బెంగళూరులో వానో ఎండో
వచ్చినవాళ్ళ చెప్పులు చూసి తెలుసుకుంటాను.
రోజుకు నూట నలభై అర్జీలు,
ఒక్కోదానికి మూడు నిమిషాల చిల్లర.
పదకొండు నెలలకోసారి
నా ఉద్యోగమూ ఒక అర్జీయే.

తిరస్కరించడానికి నేనేమీ రాయక్కర్లేదు.
బాణం గుర్తు నొక్కితే కారణాలు కిందికి జారతాయి,
పద్నాలుగు,
అన్నీ ముందే ఉడికించి చల్లార్చినవి.
ఔననడానికి ముగ్గురి సంతకాలు.
కాదనడానికి నా చూపుడువేలు.

హొసకోట తాలూకా. పట్టుపురుగుల షెడ్డుకు సాయం.
ఆధార్‌లో చిన్నపాపమ్మ.
పహణీలో చిక్కపాపమ్మ.
ఎప్పుడో ఒక లెక్కాయన
తెలుగు పేరును చెవితో విని
కన్నడ చేత్తో రాసుకున్నాడు.
తప్పు రాయలేదు పాపం,
ఆ నోట చిక్క అంటే ఈ నోట చిన్నే.
రెండు భాషలూ ఒకే వక్కాకు నమిలే ఊరది.
కంప్యూటరు మాత్రం లెక్కగట్టి
పోలిక డెబ్బై ఒకటి శాతం అంది.
తొంభై ఉండాలి.
వేలు పెట్టాను.

మరుసటేడు నోటరీ కాగితం జతచేసింది:
చిన్న, చిక్క, ఇద్దరమూ నేనే.
పేరు గట్టెక్కింది.
మార్కుల దగ్గర ఆగింది.
అరవై గీత, ఆమెకు యాభై ఎనిమిది.
శిక్షణ పత్రం లేదు.
ఆ రోజు భోజనానికి ముందు అదే ఆఖరి ఫైలు,
గుర్తుంది, ఆకలి కూడా గుర్తుంది.

ఈ ఏడు అర్జీ వెనకాలే మనిషి వచ్చింది.
మెజెస్టిక్‌లో బస్సు తప్పి, ఇంకోటి పట్టుకుని,
చెప్పులకు ఎర్రమట్టి.
అంటే అక్కడ వాన.

"శిక్షణ యాడ తీసుకునేదప్పా?
ఏటా మీవాళ్ళే బస్సు కట్టుకోని మా ఇంటికొస్తారు,
పురుగు నాలుగో జొరం నుంచి ఎట్ల లేస్తాదో చూడనీకి.
కాఫీ పోసేది నేను.
ఆకు ఎంత సన్నంగా కోయాల్నో చెప్పేది నేను.
పోయేటప్పుడు వాళ్ళకంతా పత్రాలిచ్చి
ఫోటో పట్టుకుంటారు.
ఇదో, నేను కూడా ఉండాను చూడు."

ఉంది.
ఆఖరి వరసలో, తట్ట చాటున సగం ముఖం.

స్క్రీను వైపు తిరిగాను.
ఈసారి కారణం వేరే:
మంజూరుకు ముందే పని మొదలైంది.
పునాది ఫోటో ఆమే పంపింది,
పని చేసే మనిషినని నమ్ముతారని.

"పురుక్కి మీ మార్చి నెల తెలుస్తాదా?
ఆకు ఇగిరొచ్చేసింది. అప్పు చేసి గోడ లేపినా."

పద్నాలుగు కారణాల్లో
దీనికి జవాబు వెతికినట్టు నటించాను.

"సరే, వద్దన్నది ఎవురో ఆయప్పని చూపించు.
రెండు మాట్లడిగి పోతాను, కొట్టేది లేదు."

పైవాళ్ళు, అన్నాను.
ఎవరడిగినా మేమంతా అదే అంటాం,
అబద్ధమని ఎవరూ అనరు.
ఆమె ఒకసారి కప్పు వైపు చూసి,
సంచి నా బల్ల మీదే పెట్టి,
మెట్లెక్కింది.

ఆపాల్సింది.
మా అంతస్తు మీద ఇంకో అంతస్తు లేదు.
ఆపలేదు, ఇంకో ఫైలు తెరిచాను.
దాని పేరు చదివాను, మళ్ళీ చదివాను,
ఒక్క అక్షరం లోపలికి పోలేదు.

పావుగంటకు దిగొచ్చింది.
చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడి.

"పైన ఎవురూ లేరప్పా.
నీళ్ళ ట్యాంకీ ఒకటే ఉండాది,
ఎప్పుటినుంచో ఏమో పొర్లి పోతా ఉంది.
తిప్పి కట్టేసి వస్తిని."

సంచి తీసుకుంది.